గోనె సంచి తడి

మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయిన నెలలో నాకు నిజంగానే మతి పోయింది. వంగొద్దు, కంటికి నీళ్ళు తగలొద్దు అని కామారెడ్డిలో డాక్టర్ గట్టిగా చెప్పాడు. లింగంపేటలో మా ఇంట్లో బీడీల పని ఆమెదే. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి, కంపెనీ పని ఇచ్చే బీడీ కార్డు ఆమె పేర ఉంది; చెడ్డ బీడీలు ఇస్తే తీసేస్తారు. దాన్ని నిలబెట్టే పని నా నెత్తిన పడింది.

నేను కామారెడ్డి పిల్లను. చుట్టడం పెళ్ళయ్యాక నేర్చుకున్నాను గానీ, ఆకు తడిపే పని ఆమె ఎన్నడూ నా చేతికివ్వలేదు. బీడీ చుట్టే తునికాకు ఎండుగా ఉంటే కత్తెర పెట్టగానే విరిగిపోతుంది. అందుకే సాయంత్రం నీళ్ళలో ముంచి, తడి గోనె సంచిలో చుట్టిపెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. ఇంతే కదా అనుకున్నాను.

"సంచి మీద ఎన్ని నీళ్ళు చల్లాలె అత్తమ్మా?"

"సరిపోయేటన్ని."

ఒళ్ళు మండింది. అన్నానికి ఎసరు కొలిచే చెంబుతోనే రెండు చెంబులు కొలిచి చల్లాను. పొద్దున ఆకు మెత్తగా ఉండి, చెప్పిన మాట విన్నది. వారం రోజులు అలాగే సాగింది. ఇంత సులువైన పనికి ఈ ముసలామె ఇన్నేళ్ళు ఎంత బడాయి పోయిందో అని లోలోపల నవ్వుకున్నాను కూడా.

తరువాత కన్ను చూపించుకోవడానికి వెళ్ళి, ఆమె సదాశివనగర్‌లో కూతురింట్లో రెండు రోజులు ఉండిపోయింది. మొదటి రోజు మబ్బు పట్టింది; అదే సంచి, అదే రెండు చెంబులు. తెల్లారి చూస్తే తడి ఎక్కువై ఆకు మీద నల్లటి మచ్చలు. మరునాడు ఒక్క చెంబే చల్లితే పొడిగాలి తిరిగి ఆకు పటపటా విరిగింది. ఎల్లారెడ్డి నుంచి వచ్చే చెకింగ్ సారు నా కట్టలు పక్కకు పెట్టి, "ఇంకోపారి గిట్ల తెస్తే కార్డు ఉండదమ్మా," అన్నాడు. దుబాయిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే, "ఫోన్‌ల వీడియోలు చూడు," అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

పక్కింట్లో మేము ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దావిడ కూడా బీడీలు చేస్తుంది. ఆమెనడిగాను.

"గోనె నీళ్ళు తాగుతది, ఆకు ఎండుతుంటే మళ్ళ మెల్లగ ఇస్తది. మబ్బు పడితే గాలిల తడి గూడ తాగుతది. చెంబుతోని ఏం కొలుస్తవ్?"

మరి దేనితో కొలవాలో ఖాలాకూ చెప్పడం రాలేదు. సంచి తాగేదెంత, ఇచ్చేదెంత? నాకు అంతా అయోమయంగా ఉంది.

అత్తమ్మ తిరిగొచ్చింది. ఏం చేయాలో తోచక మళ్ళీ రెండు చెంబులే చల్లాను. ఆకు బాగుంది. వాన పడిన రోజూ బాగుంది, గాలి కొట్టిన రోజూ బాగుంది. ఎందుకు బాగుంటోందో తెలియక నేను భయపడింది అప్పుడే.

ఒక రోజు తొందరగా మెలకువ వచ్చింది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వసారాలో అత్తమ్మ, కంటికి పచ్చ గుడ్డ వేలాడుతుండగా, నిటారుగా కూర్చుని సంచిని ఒళ్ళోకి లాక్కుంది. లోపలికి చేయి పెట్టింది. సంచిని చెంపకు ఆనించి చూసుకుంది. వేళ్ళతో నాలుగు చుక్కలు చిలకరించి, మళ్ళీ చుట్టింది.

"ఏంది అత్తమ్మా గిది? డాక్టర్ ఏం చెప్పిండు?" అని అరిచాను. ఆమె ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

"రోజూ నువ్వే చేస్తున్నవా? నాకు చెప్తే నేర్చుకోకపోదునా?"

ఆమె తడి వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"చుట్టుడొచ్చింది, కత్తిరించుడొచ్చింది. గిది గూడ వస్తే ఇంట్ల ఇగ నేనెందుకు బిడ్డా?"

కార్డు పోతుందని నేను కుమిలిపోతుంటే, ఈమె ఇంకేదో పోతుందని భయపడుతోంది. కోపం తగ్గలేదు. అయినా సంచి అందుకుని చేయి పెట్టి చూశాను. తడి సరిగ్గా ఉందని మొదటిసారి నా వేళ్ళకు తెలిసినట్టే అనిపించింది. నిజంగా తెలిసిందో, ఆమె అప్పుడే సరిచేసింది గనుక అలా అనిపించిందో ఈ రోజుకీ చెప్పలేను.

"నాకేం సమజైతలేదత్తమ్మా, నువ్వే చూడు," అని సంచిని మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాను.