వీధుల వారీగా ఒక లిస్టు

మణుగూరు దగ్గర ఒక బొగ్గు గనుల కాలనీలో క్వార్టర్ల మరమ్మతులు చూసే ఓవర్సీయర్‌గా నేను చేరింది తొంభైల మొదట్లో. నల్లా కారినా, కిటికీ రెక్క ఊడినా నాకే చెప్పేవాళ్లు. ఆఫీసులో ఫిర్యాదుల రిజిస్టరు ఉండేది కానీ, అక్కడిదాకా ఎవరొస్తారు? నేను రోడ్డు మీద కనబడితే చాలు, "మేడం, జర మా ఇంటికొచ్చి చూసిపోరాదు" అనేవాళ్లు. సరేననేదాన్ని. నాలుగడుగులు వేసేసరికి ఇంకొకరు. అరచేతి మీద పెన్నుతో రాసుకుంటే చెమటకు చెరిగిపోయేది. డైరీ కొన్నాను. దాన్ని ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం ఇంకో పనైంది.

అంతలో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాన్ని రిటైర్మెంటుకు దగ్గరపడిన మా టైపిస్టు సారుకు అప్పగించారు. టైపు మిషనుకు అలవాటుపడిన వేళ్లు కదా, కీబోర్డునూ అంత గట్టిగానే కొట్టేవారు. నెల తిరిగేసరికి ఆయన దాన్ని వదిలి లేవడం లేదు. నా అవస్థ చూసి ఒకరోజు ఫ్లాపీ తెచ్చారు.

"గిది పనులు గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ మేడం. మా అల్లుడిచ్చిండు. ఇగ మీ తిప్పలు తీరినట్టే."

అది ప్రతి పనికీ తేదీ అడిగింది, గంట అడిగింది, ఎంత ముఖ్యమో అడిగింది. ఎవరి నల్లా వాళ్లకు ముఖ్యమే కదా! అన్నిటికీ ఒకటో నంబరే ఇచ్చాను. ఇక అది గంటగంటకూ కీచుమని అరిచేది. నేనేమో వీధుల్లో ఉండేదాన్ని.

"పొద్దంత నన్నే తిడుతాంది మేడం" అని సారు మొత్తుకున్నారు.

రెండో ఫ్లాపీలో క్యాలెండరు వచ్చింది. రోజుకో పేజీ. చూడముచ్చటగా ఉంది కానీ, నింపడానికే పొద్దున గంట పట్టేది. వారానికే విసుగొచ్చి వదిలేశాను.

అప్పుడే ఒక అవ్వ ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. గనిలో పనిచేసే ఒకతని తల్లి.

"మూడుసార్లు చెప్పిన బిడ్డా. నల్లా కారుతనే ఉంది. నువ్వు తలకాయ ఊపుతవు, పోతవు."

సిగ్గుతో తల వంచుకున్నాను. సారు కుర్చీలోంచి లేచారు. "నడువుండ్రి మేడం. మీరెట్ల పనిచేస్తరో ఇయ్యాల నేనే చూస్త."

అవ్వ వెంట మేమిద్దరం బయలుదేరాం. దారిలో నీలం తలుపు కనబడగానే, "అయ్యో, వీళ్ల తూము పూడుకుపోయింది!" అన్నాను. మలుపు తిరగగానే ఎదురింటి పగిలిన ట్యాంకు మూత గుర్తొచ్చింది. ఆ వీధి చివరికి చేరేలోపు మరిచిపోయిన పనులు అరడజను దాకా గుర్తొచ్చాయి.

సారు నడిరోడ్డు మీద ఆగిపోయారు. "మీకు టైముతోని యాదికి రాదు మేడం, జాగతోని యాదికొస్తది. మనం తప్పు సాఫ్ట్‌వేర్లు పట్టుకున్నం!"

ఆ సాయంత్రమే ఆయన జీతాల లెక్కలకు వాడే ప్రోగ్రాములో ఒక పట్టిక గీశారు. వీధి, క్వార్టరు నంబరు, పని, అయిందా లేదా. అంతే. గంటలు లేవు, అరుపులు లేవు. ప్రతి వీధి కిందా రెండు ఖాళీ గీతలు వదిలారు, దారిలో చెప్పినవి రాసుకోవడానికి. పొద్దున ప్రింటరు గరగరమంటూ కాగితం బయటికి తోస్తుంటే దగ్గరే నిలబడి చూశాను. మొదటి వీధి మొదటి గీతలో అవ్వ నల్లా.

ఆ రోజు ఒక్కో పని కొట్టేస్తుంటే ఎంత హాయిగా ఉందో! మా ప్లంబరు నల్లా బాగుచేశాక అవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ ముక్క మొదలే రాసుకుంటే అయిపోతుండె గద బిడ్డా" అంది. పడీపడీ నవ్వాను.

కొన్నాళ్లకు మా ప్లంబరు కూడా లిస్టు అడిగాడు. "నంబర్లయితే సదువుత గని, అక్షరాలు రావు సారూ" అన్నాడు మొహమాటంగా. సారు ఆలోచించి నల్లాకు చుక్క గుర్తు, తూముకు కూడిక గుర్తు, ట్యాంకుకు సున్నా పెట్టి ఇంకో ప్రింటు తీశారు. ప్లంబరు కాగితం మీద వేలు పెట్టి, క్వార్టరు నంబర్లతో సహా పైనుంచి కిందిదాకా ఎక్కడా ఆగకుండా గట్టిగా చదివాడు. ఆఫీసులో అందరం చప్పట్లు కొట్టాం. ఆ మధ్యాహ్నం చాయ్ తనే తెప్పించాడు.