తువ్వాలు కొస

మా ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉంది. కళాశాలలో చరిత్ర బోధించిన రోజులనుంచీ, పదవీ విరమణ చేసి ప్రొద్దుటూరులో స్థిరపడిన తరువాత కూడా, ఆ క్రమం తప్పితే నాకు మనసు నిలవదు. ఆ ఉదయం చీపురు వంటింటి ముందు అడ్డంగా పడి ఉంది. ఎవరినైనా పిలిచి తీయించవచ్చు. విసుగుతో నేనే వంగి తీశాను. లేస్తూండగా, గోడలో బిగించిన బండ అర అంచు నడినెత్తికి తగిలింది. నెత్తురు రాలేదు. గోడ పట్టుకొని కాసేపు నిలబడి, చీపురును తలుపు వెనుక పెట్టి, తరువాత పడిపోయాను.

డాక్టరు స్కానింగు చూసి, ఎముక విరగలేదు, లోపల రక్తం గడ్డకట్టలేదు, మెదడు అదిరింది, అంతే అన్నాడు. ఆ ‘అంతే’ ఎంత పెద్దదో తరువాత తెలిసింది. పత్రిక తెరిస్తే అక్షరాలు కదిలేవి. కుక్కరు కూతకు తల పగిలిపోయేది. తల పక్కకు తిప్పితే చాలు, నేల ఆ వైపుకు ఒరిగిపోయేది. విశ్రాంతితో కొంత తగ్గింది గాని తూలుడు పోలేదు. ఫిజియోథెరపీ చేయించుకొమ్మని డాక్టరే పంపాడు.

ఫిజియోథెరపిస్టు లింగాల వైపు మనిషి. వాళ్ళది గొర్రెలున్న ఇల్లు. బొటనవేలిని కళ్ళ ముందు చాపి, చూపు గోటిమీద నిలిపి, తల మాత్రం అటూ ఇటూ తిప్పమన్నాడు. త్వరగా ముగించాలని నేను గబగబా ఊపాను.

“అట్ల కాదు సార్. జాతరలో పొట్టేలు మీద నీళ్ళు చల్లితే తల ఇదిలిస్తాది సూడు, ఆ మాదిరి ఊపుతాండావు. నిన్నేం కొయ్యబోంలే. మెల్లగా.”

బల్లమీద నడుము పట్టీతో కూర్చున్న ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు.

తరువాతి అభ్యాసం నడక. తిన్నగా నడుస్తూ ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా చూడాలి. ఇంట్లో చేసేటప్పుడు నడుముకు తువ్వాలు చుట్టి, దాని కొసలను వెనుకనుంచి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఒంటరిగా మాత్రం చేయకూడదని అతడు గట్టిగా చెప్పాడు.

మా ఇంట్లో పట్టుకోగలిగిన మనిషి ఒక్కరే, కోడలు. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. కొడుకు ఉద్యోగం పులివెందులలో, వారానికొకసారి వస్తాడు. కోడలు పెళ్ళయిన తరువాత పరీక్ష రాసి జమ్మలమడుగులో ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం తెచ్చుకొంది. రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది.

మా ఇళ్ళలో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఎదురుపడి నిలవదు. ఏదైనా కావాలంటే అత్త ద్వారా అడుగుతుంది. బయట ఈ పద్ధతి సడలిపోయినా నేను మా ఇంట్లో సడలనివ్వలేదు. ఆమె ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి నేను ఆమెతో నేరుగా మాట్లాడింది లేదు. అటువంటి మనిషి నా నడుముకు చుట్టిన గుడ్డ పట్టుకొని, నేను తాగినవాడిలా తూలుతూంటే వెనుక నడవడమా?

మొదటి ఉదయం ఆమె తువ్వాలు మడిచి చేతబట్టుకొని తలుపు చాటున నిలబడింది. నేను భార్యతో అన్నాను:

“ఆ పిల్లను బస్సుకు పొమ్మను. ఆలస్యమవుతుంది.”

“ఒకరు పట్టుకోవాలన్న్యాడు గదా ఆయప్ప?”

“నువ్వున్నావు కదా. పొమ్మను.”

కోడలు తువ్వాలును గోడ కొయ్యకు తగిలించి వెళ్ళింది. మరునాడూ అదే మాట, ఆ తరువాతా అదే. భార్య కుర్చీలో కూర్చొని చూసేది, నేను నేల బండల అతుకు గీతమీద ఒంటరిగా నడిచేవాణ్ణి. ఇంటి దగ్గర ఎవరు పట్టుకొంటున్నారని ఫిజియోథెరపిస్టు అడిగినప్పుడు “కోడలు” అన్నాను. ఆటోలో నన్ను తీసుకువచ్చిన ఆమె గుమ్మం దగ్గరే ఉంది. తల ఎత్తలేదు.

ఒక ఉదయం, ఆమె బస్సుకు వెళ్ళిన తరువాత, ఎడమ భుజం మీదుగా చూడబోయి కూలిపోయాను. భుజం వాచింది, తూలుడు మళ్ళీ మొదటికి వచ్చింది.

సాయంత్రానికి కొడుకు పులివెందులనుంచి వచ్చాడు. కోడలు జమ్మలమడుగునుంచి అప్పుడే వచ్చి, చేతిసంచి కూడా దించకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“ముసలాయన్ని ఒంటిగా ఇడ్సిపెట్టి ఎట్ల పోతివి మే? ఆ పట్టుకునేదానికి గూడా తీరల్యా నీకు? ఈ ఉద్యోగం జేసి ఎవుర్ని ఉద్ధరించాల? మానుకో. రేప్పొద్దన నేనే వొచ్చి చెప్తా మీ ఆఫీసులో.”

నా భార్య నావైపు చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను కళ్ళు మూసుకొని, వెలుతురు పడటం లేదన్నట్టు చేయి అడ్డం పెట్టుకొన్నాను. కోడలు సంచి దించి వంటకు వెళ్ళింది. ఆమె వండిన అన్నమే తిన్నాను.

తెల్లవారింది. బస్సు వేళ అయినా ఆమె చీర మార్చుకోలేదు. కొడుకు జమ్మలమడుగుకు బయలుదేరడానికి బండి తుడుస్తున్నాడు. నేను లేచి, గోడ పట్టుకొని కొయ్య దగ్గరికి వెళ్ళి, తువ్వాలు తీసి నడుముకు చుట్టుకొన్నాను. వాచిన భుజంతో కొసలు అందలేదు.

“అమ్మా, ఇట్లా రా. ఈ కొసలు పట్టుకో.”

ఎవరిని పిలిచానో ఇంట్లో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. కొడుకు గుడ్డతో లోపలికి వచ్చాడు.

“ఏంది నాయనా, ఇప్పుడు పట్టుకుంటే ఏం లాభం? నిన్న యాడికి పోయింది?”

“నిన్నా పట్టుకుంటానని నిలబడింది. అంతకు ముందూ నిలబడింది. నేనే పొమ్మన్నాను. ఆమె పట్టుకుంటే నాకు నామోషీ అనిపించింది. ఉద్యోగం మాట ఇక ఎత్తవద్దు.”

వాడు నన్ను చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. చేతిలో గుడ్డను ఊరికే మడవసాగాడు.

కోడలు వచ్చి కొసలను మణికట్టుకు చుట్టుకొంది. నడక మొదలైంది. కుడి భుజం మీదుగా చూసినప్పుడు కళ్ళు దించుకొన్నాను. నేల ఊగింది. తువ్వాలు బిగిసింది.

“కిందికి సూడాకు మామా. ఎనక్కి సూడల్లన్న్యాడు గదా ఆయప్ప. ఇట్ల సూడు.”

చూశాను. ఇన్నేళ్ళుగా నా ఇంట్లో తిరుగుతున్న మనిషి ముఖాన్ని అప్పుడే దగ్గరనుంచి చూశాను. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎడమకు తిరిగితే మళ్ళీ ఆ ముఖమే. తప్పించుకొనే వీలు ఆ అభ్యాసంలో లేదు.

“నీ బస్సు పోయింది,” అన్నాను.

“పోతే ఇంగోటి వస్తాది. తల తిప్పు మామా, నేను పట్టుకోనుండా.”

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు మడిచి కొయ్యకు వేసి, ఆమె మళ్ళీ తలుపు చాటుకే వెళ్ళి నిలబడింది. ఎదురుగా ఇంకొక కుర్చీ ఖాళీగానే ఉంది. ఇప్పుడు రోజూ ఆమె నన్ను నడిపిస్తోంది, ఆ తరువాత బస్సుకు వెళుతోంది, నా తూలుడు తగ్గుతూ వస్తోంది. కూర్చోమ్మా అని ఆ కుర్చీ చూపడానికి మాత్రం నాకు ఇంకా నోరు రాలేదు.