మంగళవారం టిక్కెట్టు

1983 మార్చిలో, అమెరికాలో మేముండే పార్సిప్పనీలోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి వెళ్ళాం. స్పెయిన్‌లోని టొలేడో పాతనగరంలో రెండు రోజులు గడపాలని నా కోరిక. మా ఆయనకు హాస్పిటల్లో దొరికిన సెలవును బట్టి ఏప్రిల్ 12, మంగళవారం బయలుదేరితేనే రెండు రోజులు. బుధవారమైతే ఒక్క రోజే.

“బుధవారానికే బుక్ చేయమనండి,” అన్నాను తెలుగులో.

ఆయన నవ్వి, “మా ఆవిడ మంగళవారం ప్రయాణం చేయదు. పాత నమ్మకం,” అని ఏజెంటుకు ఇంగ్లీషులో చెప్పేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఏజెంటు టొలేడోలోనే పుట్టిన మనిషట. ఆమె నవ్వలేదు. “మా అమ్మా మంగళవారం ఊరు కదలనివ్వదు. మేడమ్‌కి బుధవారం రాస్తాను. డాక్టర్, మంగళవారం మీరొక్కరే వెళ్తారా?” అంది.

ఆయన కాసేపు క్యాలెండర్ చూసి, “ఇద్దరికీ బుధవారమే వెయ్యండి,” అన్నారు.

టొలేడోలో ఒక్క రోజే ఉన్నాం. తక్కువైందని ఆయన ఒక్కసారీ అనలేదు.