తోమిన దేనారం

మేం అమెరికాలోని ప్లేనోలో ఉన్నప్పుడు మా ఆఫీసులో ఒక అమెరికన్ పెద్దాయన పాత రోమన్ నాణేలు సేకరించేవాడు. బైబిల్లో కైసరుకు, అంటే రోమన్ చక్రవర్తికి, పన్ను కట్టే నాణెం గురించి మా తెలుగు చర్చిలో నేను మాట్లాడబోతున్నానని విని, అలాంటి వెండి దేనారం ఒకటి తనంతట తనే తెచ్చి ఇచ్చాడు. ఒకవైపు ఆకుల కిరీటం పెట్టుకున్న చక్రవర్తి తల, రెండోవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. అంతా నల్లబారి ఉంది.

శనివారం సింకు దగ్గర టూత్‌పేస్ట్, పాత బ్రష్ తీశాను. మా ఇంట్లో వెండి గ్లాసులు అలాగే తోముతాం.

"వదిలెయ్యండీ, వాళ్ల వస్తువు. నల్లగా ఉంటే ఏమైంది?" అంది నా భార్య.

"వెనక కూర్చున్నవాళ్లకి ఏం కనిపిస్తుంది?" అన్నాను. నిజానికి కనిపించాలన్న ఆరాటం నాది.

మర్నాడు, నాణెం మీద తన ముఖం వేయించుకుని దేవుని కొడుకునని రాయించుకున్న ఆ చక్రవర్తి గర్వం గురించి చాలాసేపు మాట్లాడాను. తళతళలాడే నాణెం అందరి చేతుల్లోకీ వెళ్లింది. "ఏంటి బ్రదర్, నిన్న మాల్‌లో కొన్నావా?" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు.

సోమవారం పెద్దాయన దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. చక్రవర్తి చెంప మీద బ్రష్ గీతలు అప్పుడు నాకూ కనిపించాయి. పాత నాణేన్ని తోమితే పాడైపోయినట్టేనని మెల్లగా చెప్పాడు.

"మా ఆవిడ టూత్‌పేస్ట్‌తో తోమేసింది. తనకి తెలియదు" అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట.

ఆయన కోప్పడలేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి మా ఇద్దరినీ భోజనానికి కూడా పిలిచాడు. తిన్నాక తన నాణేలు తెచ్చి నా భార్య ముందు పెట్టి, "టూత్‌పేస్ట్ ఇంట్లోనే వదిలేసి వచ్చావు కదా?" అని నవ్వాడు. ఆమె నా వైపు చూసింది. నేను ప్లేటు వైపు చూశాను.

"సారీ, నాకు తెలియలేదు" అంది ఆమె, ఇంగ్లీషులో.

కార్‌లో చాలా దూరం వచ్చాక అంది: "రేపు ఆయనకి ఫోన్ చేసి నిజం చెప్పండి."

"ఇప్పుడు చెబితే నా గురించి ఏమనుకుంటాడు?"

"నా గురించి ఏమనుకుంటున్నా పర్లేదా?"

ఫోన్ చేయలేదు. ఆ తర్వాత ఆయన ఎప్పుడు పిలిచినా ఆమె రానంది. నేనొక్కణ్ణే సిగ్గు లేకుండా వెళ్లేవాణ్ణి. ఒకసారి నాకు ఇంకో ముక్క కేకు వడ్డిస్తూ, "పాపం, ఆ నాణెం సంగతి ఇంకా మనసులో పెట్టుకుందా? నేనెప్పుడో మరిచిపోయానని చెప్పు" అన్నాడు.

చెబుతానన్నాను.