మసకలో ఎర్ర గింజ

రాజమండ్రి శివార్లలోని వృక్షోద్యానంలో ‘పువ్వులు కోయరాదు’ అని అడుగడుక్కీ బోర్డులుంటాయి. నాకు వాటితో పేచీ లేదు. నేను కోతలు కోస్తాను గానీ పువ్వులు కోయను. ఫొటోలు తీస్తాను, అంతే. ఆ ఆదివారం కొలను గట్టున బోర్లా పడుకుని తామరను తీస్తుంటే, మా ఆవిడ సీసాలో నీళ్లు పట్టుకురావడానికి వెళ్తూ “పిల్లని చూస్తుండండి” అంది. పిల్లంటే నా మేనకోడలు, నాలుగేళ్లది. నిడదవోలులో ఉండే మా చెల్లెలు రెండు రోజులకని మా దగ్గర వదిలింది.

చూస్తూనే ఉన్నాను, కెమెరాలోంచి.

“మావయ్యా, ఇది తియ్యి” అంటూ గుప్పిట విప్పింది. ఎర్రగింజలు. తీశాను. మళ్లీ తామర వైపు తిరిగాను. ఇటు చూసేసరికి గుప్పిట ఖాళీ, బుగ్గ కదులుతోంది. నోట్లో వేలు పెట్టేలోపే గుటుక్కున మింగేసింది.

“ఎన్ని మింగావే?”

“ఒకటే. మిగతావి చేపలకేశా.”

గురివింద గింజ నమిలితే ప్రాణం తీయడానికి ఒక్కటి చాలని మా నాయనమ్మ చెప్పేది. ఆకులు ఊడుస్తున్నావిడ నా కేక విని చీపురు పడేసి వచ్చింది. “నల్లమచ్చ ఉందాండి? ఉంటే ఆ కంచె మీద తీగదండి, ఇషం. ఒట్టి ఎరుపైతే ఈ పెద్ద చెట్టుదండి, పర్లేదు.”

ఫొటో పెద్దది చేశాను. వెనకున్న గడ్డి పరకపరకా కనిపిస్తోంది. గింజలు మాత్రం ఎర్రటి మసక. అందులో ఓ మూల నలుపు. మచ్చో, నా నీడో.

నీళ్లతో తిరిగొచ్చిన మా ఆవిడ సంగతి వింటూనే పిల్లని చంకనేసుకుని ఆసుపత్రికి ఆటో పిలిచింది.

“నమిలావా, మింగావా?” డాక్టరుగారు అడిగారు.

“నమిలా” అంది. సూది చూసి “లేదు, మింగా” అంది.

“రేపటిదాకా ఉంచండి. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే పిలవండి.”

అప్పట్నుంచి పిల్ల ఆవులిస్తే చాలు, నర్సుని పిలిచేవాణ్ణి. మధ్యలో చెల్లెలు ఫోన్ చేసింది.

“ఏం చేస్తోందన్నయ్యా?”

“ఆడుకుంటోందమ్మా” అన్నాను. అబద్ధం కాదు, సెలైన్ గొట్టంతో ఆడుకుంటోంది. ఇంకో ప్రశ్న అడిగితే నా గొంతే నన్ను పట్టిస్తుందని, సిగ్నల్ లేదంటూ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న బాత్రూంలోంచి మా ఆవిడ “ఏవండీ, ఇలా రండి!” అని అరిచింది. పరుగెత్తాను. పిల్ల బేసిన్ పక్కన నిలబడి తన ఘనకార్యాన్ని తనే వంగి చూసుకుంటోంది. మా ఆవిడ నీళ్లు పోసి కడుగుతోంది. గింజ. పగల్లేదు, నమల్లేదు. పుల్లతో ఎటు తిప్పినా ఎరుపే.

మా ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, “ఇప్పుడు చెప్పండి మీ చెల్లెలికి, ఉన్నదున్నట్టు” అంది.

రెండుసార్లు తప్పు నంబరు నొక్కి వేరే ఎవరికో చేశాను. మూడోసారి చెల్లెలే ఎత్తింది.