గేటు దగ్గర విడిచిన చెప్పులు

2017 మొదట్లో నన్ను పత్తికొండ వైపు ఒక పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. నా హోదా డిప్యూటీ పారామెడికల్ ఆఫీసరు. పేరులో ఆఫీసరు ఉన్నా, మేము వైద్యాధికారి కింద ఊళ్ళు తిరిగే సిబ్బందిమి. కుష్ఠును తొలి మచ్చలోనే గుర్తుపట్టడం, మందులు చివరిదాకా మింగించడం, జబ్బు నయమైనా నరాలు దెబ్బతిని మిగిలిన లోపాలను చూసుకోవడం మా పని. మందు మొదలుపెట్టగానే జబ్బు ఇంకొకరికి అంటడం ఆగిపోతుంది. దెబ్బతిన్న నరం మాత్రం చాలాసార్లు తిరిగి రాదు. అరికాలికి స్పర్శ పోతే ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా ఆ మనిషికి తెలియదు. పుండు పడేది అక్కడే.

ఈ సంగతులు శిక్షణలో కొంత చెప్పారు. మిగతాది నేను అంతకుముందు పనిచేసిన నందికొట్కూరులో, శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. నాడీమండలం మీద అక్కడున్న ఒకే ఒక్క తెలుగు పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్నానంటే, చివరికి లైబ్రేరియను దాన్ని అలమారలో పెట్టడం మానేసి తన బల్ల మీదే ఉంచేవాడు. నేను చదివింది ఇంటర్మీడియెట్టు వరకే. ఆ బల్ల ముందు గడిపిన సాయంత్రాలను కూడా నా చదువులోనే కలుపుకుంటాను.

కొత్త చోట నాకు అప్పగించినవారిలో దేవదానం ఒకరు. అరవై దాటిన మనిషి. కుష్ఠు ఎప్పుడో నయమైంది. రెండు పాదాలకూ స్పర్శ లేదు, చేతివేళ్ళు లోపలికి వంగిపోయాయి. ఊళ్ళోని పాత ప్రొటెస్టెంటు చర్చిలో గంట కొట్టేది ఆయనే. వేళ్ళు పట్టవు కాబట్టి తాడును మణికట్టుకు చుట్టుకొని, ఒంటి బరువంతా వేసి లాగేవాడు. ఆయన కుడి అరికాలిలో పుండు ఉంది. నాకంటే ముందు పనిచేసినాయన బాధ్యతలు అప్పజెప్పుతూ, ఈ పుండు వానాకాలంలో మూసుకుంటుందనీ, ఎండలు ముదరగానే తెరుచుకుంటుందనీ, కారణం తెలియలేదనీ చెప్పి వెళ్ళాడు.

మా వైద్యాధికారిణి పుండు లోతు చూసి విషయం దాచకుండా చెప్పారు. ఈసారి ఎముకకు చేరితే కర్నూలు పంపాలి, అక్కడ పాదం తీసేయవలసి రావచ్చు. దేవదానం నాతో అన్నాడు:

"తీసేస్తే తీసేసిరి గానీ సారూ, ఒంటికాలి మీద గంట కొట్టేదెట్ల?"

స్వయం సంరక్షణ అని మా శాఖలో ఒక పద్ధతి ఉంది. రోజూ పాదాన్ని మామూలు నీళ్ళలో నానబెట్టాలి. గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. పూర్తిగా తుడవకుండా, తడి మీదనే నూనె పట్టించాలి. బయట అడుగు పెడితే ఎంసీఆర్, అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు చెప్పులు తప్పనిసరి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఆ చెప్పులకు మేకులు ఉండవు. లోపల మెత్తటి రబ్బరు, కింద గట్టి రబ్బరు అడుగు ఉంటాయి. పై రబ్బరును బొటనవేలితో నొక్కితే అణిగి మళ్ళీ లేవాలి. లేవకపోతే ఆ జత పని అయిపోయినట్టే.

దేవదానం ఇవన్నీ నేను చెప్పిన దానికంటే శ్రద్ధగా చేసేవాడు. శనివారానికి పుండు అంచులు దగ్గరపడేవి. మంగళవారం కట్టు మార్చడానికి వస్తే పక్కనే కొత్త పొక్కు, పాత గాయం మళ్ళీ పచ్చి. నేను ఆయన ఇంటికి వెళ్ళి పొయ్యి ఎంత దూరంలో ఉందో చూశాను. స్పర్శ లేని పాదాలను నిద్రలో ఎలుకలు కొరకడం ఉంది కాబట్టి ఆ జాడలూ వెతికాను. ఏమీ దొరకలేదు. ఆయన తన చెప్పులు తిప్పి చూపించి, "రెండో పెండ్లాం మాదిరి చూసుకుంటాండా సారూ, దీన్ని మాత్రం అనొద్దు" అన్నాడు. మొదటి భార్య, అంటే ఆయనకున్న ఒకే భార్య, లోపలినుంచి దగ్గింది.

శనివారం బాగుండి మంగళవారానికి చెడుతోందంటే మధ్యలో ఉన్నది ఆదివారమే. నేనూ క్రైస్తవుణ్ణే, పత్తికొండలో ఆరాధనకు వెళ్ళేవాణ్ణి. మార్చి నెలలో ఒక ఆదివారం మోటారు సైకిలు ఆ పల్లెకు తిప్పాను.

ఆ చర్చి ముందు విశాలమైన ఆవరణ, అంతా నాపబండలు పరిచినది. మధ్యలో గంట స్తంభం. మిగతా చర్చిల్లో చెప్పులు మెట్ల దగ్గర విడుస్తారు. ఇక్కడ గేటు దగ్గరే విడవాలి. బండలు పరిపించిన పెద్దమనిషి ఆవరణ కూడా దేవుని స్థలమేనని ఆ కట్టడి పెట్టి పోయాడు. దాన్ని కాపాడేది ఆయన కోడలు రూతమ్మ. డెబ్బై ఏళ్ళావిడ, స్త్రీల సమాజం అధ్యక్షురాలు. నేను గేటు దాటబోతే గొడుగు అడ్డం పెట్టింది.

"ఏమప్పా, చదువుకున్నోని మాదిరి ఉండావు, ఇంతమంది చెప్పులు కనపల్లేదా? ఈడ ఇడు."

విడిచాను. వెళ్ళేటప్పుడు బండలు గోరువెచ్చగా ఉన్నాయి. ఆరాధన ముగిసి మధ్యాహ్నం బయటకు వచ్చేసరికి పెనం మీద కాలు పెట్టినట్టయింది. సంఘమంతా గేటు వైపు గెంతుతోంది. పెద్దవాళ్ళు గోడ నీడ పట్టుకొని వడివడిగా పోతున్నారు, ఆడవాళ్ళు కొంగులు ఎత్తిపట్టి నవ్వుకుంటూ పరుగెత్తుతున్నారు. నేనూ గెంతాను. మధ్యలో ఒక్క మనిషి మాత్రం ఎండలో నిలబడి, తాపీగా, చివరి గంట కొడుతున్నాడు. కొట్టడం అయ్యాక తాడు చుట్టి కట్టి, నెమ్మదిగా, రాజు నడిచినట్టు నడిచి వచ్చాడు.

రాతి గుణాల గురించి అదే గ్రంథాలయంలో నేను చదివిన ఇంకో పుస్తకంలో నాపరాయి వేడిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో ఉంది. ఆ రోజు పుస్తకం అవసరం లేకపోయింది. దేవదానాన్ని గేటు నీడలో కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. చర్మం అప్పుడే పొంగుతోంది.

"అందరూ ఎందుకు గెంతుతారో నీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?" అని అడిగాను.

"నాకు నవ్వొచ్చేది సారూ. దేవుని ఇంటికొచ్చి కూడా ఇంత తొందరేమిరా వీళ్ళకి అనుకుంటాంటి."

రూతమ్మ అక్కడే ఉంది. గొడుగు కిందికి దించింది.

"అయ్యో నా తండ్రీ! నిన్ను చూపిచ్చి అందరికీ చెప్తాంటి గదప్పా, దేవుని ముంగల నడక అంటే దేవదానాన్ని చూసి నేర్చుకోండి అని!"

ఆయన ముందు నవ్వాడు. తర్వాత మేమూ ఆపుకోలేకపోయాం. నవ్వు అయ్యాక నేను అసలు మాట చెప్పాను: గేటు లోపల కూడా ఈయన చెప్పులతోనే నడవాలి, లేకపోతే పాదం దక్కదు. రూతమ్మ మొహం మారింది. కట్టడి కట్టడేనంది. నేను ఆశ్చర్యపోయింది ఆమె మాటకు కాదు. దేవదానం ఆమె కంటే గట్టిగా వద్దన్నాడు.

"నేను ఈ గేటు బయట చెప్పులేసుకొని నిలబడిన మనిషిని సారూ. జబ్బు ఉన్న పొద్దు వాక్యం ఆడనుంచే వింటి. నయమయినాక లోపలికి రమ్మంటే చెప్పులిడిసి, అందరి మాదిరే వస్తి. మళ్ళా నన్నొక్కన్ని చెప్పులతో నిలబెట్టి, ఈయప్ప వేరే అని చూపిస్తారా?"

నేను వెళ్ళి పాస్టరుగారిని కలిశాను. ఆయనకు విషయం వెంటనే అర్థమైంది, అభ్యంతరమూ లేదు. "కానీ నేను బదిలీ మీద వచ్చినవాణ్ణి, బదిలీ మీద పోయేవాణ్ణి. రూతమ్మగారికి బదిలీ లేదు" అన్నారు. మధ్యేమార్గంగా గంట స్తంభం దాకా తడి గోనెసంచులు పరిపించారు. ప్రసంగం సగం అయ్యేసరికి అవి ఆరిపోయాయి, ముగిసేసరికి వాటిలో రెండు గాలికి లేచి ముళ్ళకంపకు చిక్కుకున్నాయి. మంగళవారం పొక్కు మామూలుగానే వచ్చింది. పుండు లోతు కొలిచిన వైద్యాధికారిణి, ఇంకో రెండు వారాలు చూసి కర్నూలుకు రాస్తానన్నారు.

తర్వాతి మంగళవారం రూతమ్మ గొడుగు వేసుకొని ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఒంట్లో బాగాలేదేమో అనుకొని చీటీ రాయబోయాను. "నాకేం రోగం? ఆయప్ప కాలు చూడాల" అంది. దేవదానం పాదాన్ని బల్ల కిందికి లాక్కున్నాడు. ఆమె నేల మీద కూర్చుని, "చూపియ్యప్పా, నాకు సిగ్గు లేదు, నీకెందుకు" అని పాదాన్ని తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది.

"ఇంత లోతుండాదా! కాల్తాంటే తెల్దా నీకు?"

"తెల్దక్కా."

ఆమె నీళ్ళ తొట్టి దగ్గరకు జరుపుకుంది. ఎట్లా కడగాలో చెప్పమంది. నేను చెబుతుంటే నానబెట్టి, రాయితో రుద్ది, నూనె రాసింది. నా చేతికంటే ఆమె చెయ్యి తేలిక. మధ్యలో తల ఎత్తకుండానే అంది:

"శుభశుక్రవారం ముందు రోజు, ప్రభువు శిష్యులకు కడిగినట్ల, గుడిలో పన్నెండు మందికి కాళ్ళు కడుగుతాం సారూ. అందరూ ఇంటికాడ సోపుతో తోముకొని, పౌడరేసుకొని వస్తారు. కడగాల్సిన కాలు ఈడ ఉండాది."

ఆదివారం ఏం చేస్తుందో చెప్పలేదు. నేను ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. రూతమ్మ ఆవరణ లోపల, తన సొంత చెప్పులతో, నాపబండల మీద నిలబడి ఉంది. ఆ ఊరివాళ్ళు అలాంటిది ఎన్నడూ చూడలేదు. ఒకరిద్దరు ఆమె మరిచిపోయిందేమోనని సైగ చేశారు.

"ఎవురూ ఇప్పొద్దండి! తొడుక్కొనే రాండి, మెట్ల కాడ ఇడుద్దురు" అని ఆమె కేక వేసింది.

సంఘపెద్ద ఒకాయన వంగి చెప్పు సగం విప్పినవాడు అలాగే ఆగి, "అక్కా, ఇది మీ మామ పెట్టిన కట్టడి గదా?" అన్నాడు.

"మా మామకు నేను పైకి పోయినాక చెప్పుకుంటాలే. నువ్వు నడువప్పా."

"మరి బైబిల్లో మండే పొద కాడ మోషేని చెప్పులు ఇప్పమన్నాడు గదక్కా దేవుడు?"

"మోషే కాలు ఎట్లుండాదో చూసే చెప్పింటాడు. ఈయప్ప కాలు చూసింటే తొడుక్కోమనేవాడు. నడువు, ఎనక జనం ఆగినారు."

సంఘమంతా చెప్పులతో ఆవరణ దాటింది. దేవదానం వాళ్ళ మధ్యలో వచ్చాడు. అందరి కాళ్ళకూ చెప్పులున్నాయి కాబట్టి ఆయన చెప్పులు ఎవరూ చూడలేదు. చూడకూడదనే ఆమె ఆ పని చేసింది.

మందిరం లోపలి సంగతి మిగిలింది. అక్కడ నేల చల్లగానే ఉంటుంది కానీ గచ్చు గట్టిది, పుండు మీద బరువు పడకూడదు. దేవదానం పాత జత ఒకటి ఇంట్లో ఉంది. రబ్బరు నొక్కి చూస్తే ఇంకా లేస్తోంది. రూతమ్మ దాన్ని కుంకుడు రసంతో ఉతికి ఆరబెట్టి, గుడి లోపలికి మాత్రమే వాడే జతగా మెట్ల పక్క గూట్లో పెట్టింది. వీధి దుమ్ము తగలని చెప్పులకు తన మామ కూడా అడ్డు చెప్పడని తీర్పు ఇచ్చింది.

వంగిన వేళ్ళతో పట్టీ విప్పి ఇంకో జత బిగించడం ఆయనకు పెద్ద పని. ఈలోగా ఆరాధన మొదలైపోతుంది. అందుకని ప్రతి ఆదివారం రూతమ్మ కింది మెట్టు మీద కూర్చుని తానే మార్చేది. మార్చినంతసేపూ తిట్టేది. "కాలు ఇట్ల పెట్టు. ఇట్లప్పా! ఏం, గవర్నరు అనుకుంటాండావా?" ఆయన తల మీద చెయ్యి పెట్టినట్టు నటించి, "దీవెనలు తల్లీ" అనేవాడు. మోకాళ్ళ నొప్పితో ఆమె ఎప్పుడైనా రాలేకపోతే సంఘపెద్దలు ఆ పని కోసం పోటీ పడేవాళ్ళు. వాళ్ళెవరికీ పట్టీ సరిగా బిగించడం రాదని దేవదానం నాకు మంగళవారం ఫిర్యాదు చేసేవాడు.

కర్నూలుకు రాయవలసిన అవసరం రాలేదు. తొలకరికి ముందే పుండు మూసుకుంది. తర్వాతి వేసవిలో తెరుచుకోలేదు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ గంట వేళకే మోగింది.

అక్కడినుంచి నన్ను ఎర్రగుంట్లకు మార్చారు. అక్కడ సిమెంటు లారీ నడిపే ఒకాయనకు, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన ఎడమ పాదానికి తరచు కాలిన గాయాలయ్యేవి. ఆయనను నేను మొదట అడిగింది చెప్పుల గురించే. క్యాబిన్‌లో దేవుని పటం ఉంది కాబట్టి ఎక్కేటప్పుడు చెప్పులు విడుస్తానని చెప్పాడు. కాళ్ళ కింద ఇంజను వేడి. నేను ఆయనతో వాదించలేదు. పటం పెట్టిన వాళ్ళమ్మతో మాట్లాడాను, ఆమె చెప్పాక ఆయన విన్నాడు.

పదవీ విరమణ దాకా నేను స్పర్శ లేని పాదాన్ని పరీక్షించినప్పుడల్లా పుండు కొలత తీసుకోవడానికి ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: మీరు ఎక్కడెక్కడ చెప్పులు విడుస్తారు? జవాబు తెలిశాక, ఆ గేటు దగ్గర ఎవరు నిలబడతారో కనుక్కుని, ముందు వాళ్ళకు పాదం చూపించేవాణ్ణి.