పాత సర్వర్ మల్ల లేచినప్పుడు

మా ఆఫీసు మడికొండల. దవాఖానలకు టోకెన్ల సాఫ్ట్‌వేర్ చేస్తం. ఏ డాక్టర్ దగ్గర ఎన్నో నంబర్ నడుస్తాంది, ఎవరు లోపలికి పోయిన్రు, ఎవరు బయట కూసున్నరు, ఇదంతా ఒక సర్వర్ తన మెమరీల పట్టుకోని ఉంటది. ప్రతిసారి డిస్క్‌ల వెతికితే ఆలస్యమైతదని అట్ల పెట్టినం. దాని రోగం గూడ అదే. ఆ సర్వర్ పడిపోతే మెమరీల ఉన్నదంతా మాయం. పొద్దుగాల నుంచి పరిగడుపున కూసున్న ముసలవ్వకు, నీ నంబరేందో మాకు ఎర్క లేదవ్వా అని చెప్పాలె. చెప్పి చూడు, తెలుస్తది.

అందుకని దానికి జోడు సర్వర్ పెట్టే పని నా మీద పడ్డది. మొదటిది రాసుకున్న ప్రతి ముక్కను రెండోది ఎంటనే కాపీ చేసుకోవాలె. మొదటిది పలుకకుంటే, కాపలా ఉండే ప్రోగ్రాములు అది పడిపోయిందని తేల్చి రెండోదాన్ని గద్దె మీద కూసోబెట్టాలె. సగం కట్టిన. గప్పుడే నాకు యాక్సిడెంట్ అయ్యింది.

స్కూటీ మీద ఇంటికి పోతాంటె లారీ తగిలి తుంటి ఎముక ఇరిగింది. హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్, అది చీము పట్టి మల్ల ఆపరేషన్. నెలలకు నెలలు మంచంల ఉన్న. అప్పటికి నా కొడుకు పాకుడు గూడ రాని పసిగుడ్డు. వాన్ని మా యారాలు చేతుల పెట్టి పోయిన. యారాలంటే మా ఆయన అన్న పెండ్లాం, నేను అక్కా అని పిలుస్త. హన్మకొండల మా ఇంటి కిందనే ఆమె కిరాణం దుకాణం నడుపుతది. "నువ్వు వాని ఫికర్ చెయ్యకు, నీ పానం చూస్కో" అన్నది. వాడు ఆ దుకాణంలనే పెరిగిండు. బియ్యం బస్తాల మీద పండిండు, నూనె డబ్బాలు పట్టుకోని నిలబడ నేర్సిండు. వీడియో కాల్ చేస్తే నా మొకం చూసుడు లేదు, ఫోన్‌ను నాకేటోడు.

తిరిగొచ్చిన రోజు కర్ర పట్టుకోని ఆటో దిగిన. చేతులు సాపి "రారా నా బంగారం" అన్న. వాడు "అమ్మా" అనుకుంట అక్క కొంగు చాటుకు పోయి ఆమె కాళ్లు కరుసుకున్నడు. నా పానం తీసి కింద పారేసినట్టయింది.

కోపమొచ్చింది. నాకు మొదటి నుంచి కోపం ముక్కు మీదనే ఉంటది. పసిపోరని మీద రాదు గద, ఆమె మీద వచ్చింది. కన్నది నేను, పాలిచ్చింది నేను, నడుమ ఈమెవరు అనిపించింది. వాన్ని గుంజి ఒళ్లె ఏసుకున్న. వాడు ఏడ్చి ఏడ్చి కక్కుకున్నడు. తెల్లారి గూడ గదే లొల్లి, ఆ తెల్లారి గూడ. ఆఖరికి నోరు జారిన. "నువ్వు ఎదురుంగ ఉన్నన్ని రోజులు వాడు నా దగ్గరికి రాడక్కా. జర ఎటన్న పో" అన్న. ఆమె గప్పుడే షట్టర్ గుంజి ధర్మసాగర్‌ల తల్లిగారింటికి పోయింది.

ఇగ నావాడే అనుకున్న. ఏం నావాడు! మెట్ల కాడ కూసోని కిందికి చూసుడే వాని పని. అన్నం పెడితే ఉమ్మేసుడు. నిద్ర లేదు, ఒళ్లు కాలవట్టింది. మా ఆయన "వదినను పిలుస్తనే" అంటే, "పిలిస్తే నేనుండ" అన్న. గంత మొండిదాన్ని.

గప్పటికే ఇంటికాడికెల్లి ఆఫీసు పని మొదలువెట్టిన. నేను లేనప్పుడు ఆ సర్వర్ల పని మిగిలిన సగం పూర్తి చేసింది నా తోటి ఇంజనీరే. ఆ రోజు పగటీలి ఇద్దరం ఫోన్ల ఉండి పరీక్ష పెట్టినం. మొదటి సర్వర్‌ను కావాల్నని ఆపినం. రెండోది గద్దెనెక్కింది, ఒక్క నంబరు గూడ తప్పలే. తర్వాత మొదటిదాన్ని మల్ల లేపినం. అగో, అప్పుడు మొదలైంది తమాషా. అది డిస్క్ మీద ఎప్పుడో దాసుకున్న పాత నంబర్లు పట్టుకోని, తాను పడిపోయిన సంగతే తెల్వనట్టు, నేనే పెద్దనని జవాబులియ్యవట్టింది. డాక్టర్‌ను చూసి వెళ్లిపోయినోళ్లను మల్ల లైన్ల నిలబెట్టింది. ఉత్తుత్తి పేషెంట్లు కాబట్టి సరిపోయింది.

"లేవంగనే అది నోరు మూస్కోవాలె" అన్నది ఆ ఇంజనీరు. "తన దగ్గరున్నదంతా చెరిపేసి, ఇప్పుడు నడిపిస్తున్న దాని దగ్గర మొదటికెల్లి నేర్సుకోవాలె. ఆ రూల్ పెడుత."

"చెరుపుడేందే? అసలుది అది!" అని ఒర్రిన.

"అసలుదేంది, నకలుదేంది? అది పడుకున్నప్పుడు పేషెంట్లను చూసుకున్నదెవరు?"

ఆమె సర్వర్ గురించే అన్నది. మా ఇంటి లొల్లి ఆమెకు తెల్వదు. నాకు మాత్రం అక్క యాదికొచ్చింది. పక్క అర్రల పిలగాడు మూలుగుతాండు. ఫోన్ పెట్టేసి బోరున ఏడ్సిన. ఏడ్సి, మొకం కడుక్కోని, "ధర్మసాగర్ పోదాం పా" అని మా ఆయనకు చెప్పిన.

అక్క వాకిట్ల కూసోని చాటల బియ్యం ఏరుతాంది. మా ఆయన సంకల పిలగాన్ని చూసి లేవబోయింది, మల్ల కూసున్నది. నా మొకం దిక్కు చూసింది, ఎత్తుకోవచ్చా అన్నట్టు. ఆ చూపుకు నేను సచ్చిపోయిన. గంత చాకిరి చేసిన మనిషి నా కొడుకును ముట్టుకునేటందుకు నన్ను అడుగుతాంది.

"తప్పయిందక్కా, ఇంటికి రా" అన్న. "వాడు ఏం తింటడో, ఎట్ల పంటడో నాకేం తెల్వది. నేర్పు."

"నేర్పేదేముంది చెల్లె" అని వాన్ని అందుకున్నది. "పెరుగన్నం మెత్తగ పిసుకు. కడుపు నిండితే తల అటు తిప్పుతడు, బలిమికి పెట్టకు."

తర్వాత రోజూ దుకాణంల ఆమె పక్కన కుర్చీ ఏసుకోని కూసున్న. లాప్‌టాప్ ఒళ్లె ఉండేది, కన్ను వాని మీద ఉండేది. గిరాకోళ్లు మాట్లాడుతాంటెనే వానికి నిద్ర వస్తదట, సప్పుడు ఆగితే లేస్తడట. నేనేమో ఫ్యాన్ గూడ బంద్ చేసి పండవెట్టిన! వాడు అమ్మా అన్నప్పుడల్ల అక్క తల దించుకునేది. "పలుకక్కా" అనేదాన్ని. అనుడు అల్కగేం లేకుండె. కడుపు మండేది, అయినా అన్న.

ఒకనాడు వాడు ఉరుక్కుంట వచ్చి గడప తట్టుకోని పడ్డడు. అరచెయ్యి గీసుకపోయి నెత్తురొచ్చింది. నేను దగ్గర ఉన్న, అక్క లోపల పప్పు తూకం ఏస్తాంది. వాడు నన్ను దాటుకోని ఆమె దగ్గరికే ఉరికిండు. ఆమె రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్నది. "అమ్మ దగ్గరికి పో బిడ్డా" అన్నది, కండ్లల్ల నీళ్లు. వాడు బిత్తరపోయి ఇద్దరి నడుమ నిలబడ్డడు.

"ఎత్తుకో అక్కా" అన్న. "వానికి దెబ్బ తాకింది. ముందు ఎత్తుకో."

ఆమె ఎత్తుకోని అరచేతి మీద ఊదింది. వాడు ఎక్కిళ్లు పెట్టుకుంట ఆమె భుజం మీదికెల్లి నన్ను చూసిండు. చూసి, ఆ చెయ్యి నా దిక్కు సాపిండు, నన్ను గూడ ఊదుమని.